ఆడలేక ఈవీఎం ఓడు

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత కట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, మన ఎన్నికల ఫలితాల మర్నాడు టీవీ ముందు కూర్చునే భాగ్యం ఆయనకి దక్కలేదు. దక్కి ఉంటే మద్దెల తీసేసి ఈవీఎం అని దిద్దుకునేవాడు. గత రెండు దశాబ్దాల్లో ఆ పెట్టె మోసినన్ని నిందలు రామాయణంలో మంథర కూడా మోసి ఉండదు. విచిత్రం ఏమిటంటే, నింద వేసే నోరు ఎన్నిక ఎన్నికకీ మారుతుంది. నిన్న వేసినవాడు ఇవాళ వెనకేసుకొస్తాడు, నిన్న వెనకేసుకొచ్చినవాడు ఇవాళ శాపనార్థాలు పెడతాడు. పెట్టె మాత్రం అదే!

ఈ వ్యాసం ఏ పార్టీనీ తిట్టడానికి కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఈ రెడ్‌మండ్‌లో నాకు అన్ని పార్టీల మిత్రులూ ఉన్నారు, అందరిళ్ళలోనూ గోంగూర పచ్చడి తినాల్సినవాణ్ణి. పైగా మనలో చాలామంది పరిస్థితి మరీ చిత్రం. ఇక్కడ పౌరసత్వం లేకపోతే ఓటు లేదు. అక్కడ పాస్‌పోర్టు ఉంటే ఓటు ఉంటుంది గానీ, స్వయంగా వెళ్ళి బూత్ ముందు నిలబడాలి. అంటే పదిహేను వందల డాలర్ల టికెట్టు కొనుక్కుంటేనే వేలికి సిరా. అంత ఖర్చు పెట్టి వేసిన ఓటు సరిగ్గా లెక్కలోకి వెళ్ళిందా లేదా అన్నది మనకి చిన్న విషయం కాదు. అందుకే ఈ గోల వెనక అసలు సంగతేమిటో కాస్త తాపీగా చూద్దాం.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రోగ్రాంలో తప్పులు వెదికి పట్టుకోవడమే నా కూడు. మా పనిలో ఒక నియమం ఉంది. తప్పు ఉందని ఎవరైనా చెబితే, అది ఎక్కడ, ఏం చేస్తే కనబడుతుంది, మళ్ళీ రప్పించగలవా అని అడుగుతాం. ఆ మూడూ లేకపోతే ఫిర్యాదు పక్కన పెడతాం. మన నాయకుల ఫిర్యాదులో ఉండేది ఒక్క వాక్యం: "మేం ఓడిపోయాం, కాబట్టి తప్పు ఉంది." అలా అని ఫిర్యాదు చేసినవాడు అబద్ధాలకోరని నవ్వేసి ఊరుకోవడం కూడా మంచి టెస్టర్ లక్షణం కాదు. నిజంగా తప్పు ఉన్నా కూడా అది మొదట కనబడేది నష్టపోయినవాడికే కదా!

మొదటి ఎన్నికతోనే మొదలు

ఈ కథ మన తెలుగు నాయకులతో మొదలైందనుకుంటే వాళ్ళకి అన్యాయం చేసినట్టే. మన దేశంలో ఈవీఎం మొట్టమొదట వాడింది 1982 మేలో, కేరళలోని పరవూరు అసెంబ్లీ స్థానంలో, అదీ 50 పోలింగ్ కేంద్రాల్లో. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్ళై గారు ఎన్నికకి ముందే ఈ యంత్రాలు వద్దని కోర్టుకెళ్ళారు. హైకోర్టు ఆయన మాట వినలేదు. ఎన్నిక జరిగింది, ఆయనే 123 ఓట్లతో గెలిచారు! అంతే, యంత్రాల మీద ఆయన అభ్యంతరం అక్కడితో సమాప్తం. ఇప్పుడు ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి ఏ.సి. జోస్ గారికి యంత్రాల మీద అనుమానం పుట్టింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. యంత్రంతో ఓటు వేయించడానికి చట్టంలో చోటే లేదని 1984లో కోర్టు తీర్పు చెప్పి, ఆ 50 కేంద్రాల్లో కాగితం బ్యాలెట్‌తో మళ్ళీ ఎన్నిక పెట్టించింది. ఈసారి జోస్ గారు గెలిచారు.

మొత్తం నాటకం ఈ ఒక్క అంకంలోనే ఉంది చూడండి. ఎన్నికకి ముందు అనుమానించినవాడు గెలవగానే మరిచిపోయాడు, ముందు అనుమానం లేనివాడికి ఓడగానే గుర్తొచ్చింది. తరువాత నలభై ఏళ్ళలో మనం చూసిందంతా ఈ అంకానికి పునఃప్రదర్శనలే.

1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి యంత్రాలకి చట్టబద్ధత ఇచ్చారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి మొత్తం 543 స్థానాల్లోనూ ఈవీఎంలే. వాటిని తయారు చేసేవి రెండే ప్రభుత్వ సంస్థలు: బెంగుళూరు బీఈఎల్, మన హైదరాబాదు ఈసీఐఎల్. అంటే మన నాయకులు తిట్టే పెట్టెల్లో మన ఊరి పెట్టెలూ ఉన్నట్టే అన్నమాట.

పెట్టెలో ఏముంది?

అధికారి దగ్గర ఉండేది కంట్రోల్ యూనిట్. తెర చాటున మనం మీట నొక్కేది బ్యాలెట్ యూనిట్. రెంటికీ మధ్య ఒక తీగ. ఇంటర్నెట్టూ, వైర్‌లెస్సూ ఏవీ ఉండవు. కాబట్టి అమెరికాలో కూర్చుని ఎవడో మీట నొక్కితే ఆంధ్రాలో ఓట్లు మారిపోయాయన్న వాట్సాప్ కథలని అక్కడే వదిలెయ్యచ్చు.

కానీ యంత్రం చేతికి చిక్కితే సంగతి వేరు. హైదరాబాదుకి చెందిన వేమూరు హరిప్రసాద్ గారు, మిషిగన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రాప్ గాంగ్రైప్ కలిసి 2010లో అసలైన ఒక ఈవీఎం మీద రెండు రకాల దాడులు చేసి చూపించారు. ఫలితం చూపించే బోర్డుని మార్చడం ఒకటి, ఓట్లు దాచిన చిప్పుకి ఒక చిన్న పరికరం తగిలించి అంకెలు మార్చడం రెండోది. బహుమతిగా ఏమొచ్చిందంటారా? యంత్రం దొంగిలించిందన్న ఆరోపణ మీద ఆ ఏడాది ఆగస్టులో హరిప్రసాద్ గారిని అరెస్టు చేశారు. తప్పు పట్టుకున్న టెస్టర్‌కి మెమో ఇచ్చే కంపెనీలు ఉంటాయి గానీ, బేడీలు వెయ్యడం మన ప్రత్యేకత.

దీనికి విరుగుడుగా వచ్చిందే వీవీప్యాట్. మీట నొక్కగానే గుర్తు అచ్చైన చీటీ అద్దం వెనక 7 సెకన్లు కనబడి, కింద పెట్టెలో పడిపోతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో దీన్ని మొదట వాడారు. 2019 నాటికి అన్ని బూత్‌లకీ వచ్చింది. ఇంక పేచీ అంతా ఒకటే: ఆ చీటీల్లో ఎన్నిటిని లెక్కపెట్టాలి?

ఎవరి వంతు ఎప్పుడు

2009లో కేంద్రంలో బీజేపీ ఓడింది, ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ఓడింది. బీజేపీకి చెందిన జీవీఎల్ నరసింహారావు గారు 2010లో ఈవీఎంలని ఎందుకు నమ్మకూడదో చెబుతూ ఒక పుస్తకమే రాశారు, దానికి ముందుమాట రాసింది అద్వానీ గారు. 2014లో అవే యంత్రాలతో కేంద్రంలో బీజేపీ, కొత్త ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం గెలిచాయి. పుస్తకం అటకెక్కింది. యంత్రాలని సమర్థించే పని ఇప్పుడు బీజేపీది, అనుమానించే పని మిగతావాళ్ళది.

తెలంగాణలో మరో ఉపాయం కనిపెట్టారు. పాత రకం యంత్రం 64 మంది అభ్యర్థుల వరకే పనిచేస్తుంది. 2010 జులై ఉప ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల్లో నామినేషన్లు ఆ సంఖ్య దాటడంతో కాగితం బ్యాలెట్ పెట్టక తప్పలేదు. మొత్తం 12 స్థానాల్లో 11 టీఆర్ఎస్‌కి, ఒకటి బీజేపీకి వచ్చాయి. 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు! ఈసారి ఎన్నికల సంఘం వెనక్కి తగ్గలేదు. కొత్త రకం యంత్రాలు తెప్పించి ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చింది. ఓటరు బూత్‌లోకి వెళితే టీవీల దుకాణంలోకి వెళ్ళినట్టే ఉండి ఉంటుంది.

2017 మేలో ఆమ్ ఆద్మీ పార్టీ శాసనసభ్యుడొకరు ఢిల్లీ అసెంబ్లీలోనే ఈవీఎం లాంటి యంత్రం పెట్టి మోసం ఎలా చెయ్యచ్చో ప్రదర్శించారు. 2015లో అదే ఢిల్లీలో 70కి 67 గెలిపించింది ఎవరి యంత్రమో ఆ సభలో ఎవరూ అడగలేదు. సరే, దమ్ముంటే రండి, మార్చి చూపించండని ఎన్నికల సంఘం 2017 జూన్ 3న సవాలు విసిరింది. వెళ్ళినవి రెండే పార్టీలు, ఎన్‌సీపీ, సీపీఎం. వెళ్ళి ఏం చేశాయి? సందేహాలు అడిగి వచ్చాయి, సవాలులో పాల్గొననే లేదు. అయితే యంత్రం లోపలి భాగాలు మార్చకూడదన్నది ఆ సవాలు షరతుల్లో ఒకటి. తాళం ముట్టుకోకుండా ఇల్లు దోచి చూపించమన్నట్టు! అంటే ఆ రోజు అరిచినవాళ్ళకీ పరీక్ష మీద ఆసక్తి లేదు, పిలిచినవాళ్ళకీ లేదు.

ఇక మన ఇద్దరు నాయకుల దగ్గరికి వద్దాం.

2019 ఎన్నికలకి ముందు, ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడు గారి నాయకత్వంలో 21 ప్రతిపక్ష పార్టీల నేతలు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. సగం బూత్‌లలో చీటీలు లెక్కపెట్టాలని అడిగారు. అప్పటిదాకా అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక్క బూత్‌లోనే సరిచూసేవారు. ఏప్రిల్ 8న కోర్టు దాన్ని ఐదు చేసింది. ఏప్రిల్ 11న ఆంధ్రలో పోలింగ్ జరిగింది, చాలాచోట్ల యంత్రాలు మొరాయించాయి. బాబు గారు హుటాహుటిన ఢిల్లీ వెళ్ళి ఎన్నికల సంఘం ముందు కూర్చున్నారు, వెంట హరిప్రసాద్ గారిని తీసుకెళ్ళారు. ఆయన మీద కేసు ఉంది, ఎలా తెచ్చారని సంఘం అభ్యంతరం చెప్పింది. ఆ రోజుల్లో జగన్ గారి వైపు వాదన వేరు: చీటీ కళ్ళారా చూసుకుని ఓటు వేసిన జనానికి లేని అనుమానం ఈయనకెందుకు? మే 23న ఫలితాలొచ్చాయి. 175లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి 151, తెలుగుదేశానికి 23.

ఇప్పుడు కాలచక్రం ఐదేళ్ళు తిప్పండి. 2024 జూన్ 4. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 11. ఇన్ని పథకాలు అందుకున్న అక్కచెల్లెమ్మల ఓట్లన్నీ ఏమైపోయాయని జగన్ గారు ఆ రోజే ఆశ్చర్యపోయారు. రెండు వారాల తరువాత, జూన్ 18న, ముదిరిన ప్రజాస్వామ్య దేశాలన్నీ కాగితం బ్యాలెట్లే వాడుతున్నాయి, మనమూ అటే వెళ్ళాలని రాశారు. తెలుగుదేశం వాళ్ళు వెంటనే ఆయన 2019 నాటి మాటలు బయటికి తీశారు. వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్ళు బాబు గారి 2019 నాటి మాటలు బయటికి తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు మార్చిన ఒకే ప్రసంగంలా ఉంది.

చివరికి ఈ సంగతి న్యాయమూర్తుల నోటే వచ్చింది. కాగితం బ్యాలెట్‌కి తిరిగి వెళ్ళాలని కె.ఎ. పాల్ గారు వేసిన పిటిషన్‌ని 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. గెలిస్తే ఈవీఎంలు మంచివి, ఓడితే చెడ్డవి అవుతున్నాయని ధర్మాసనం అంటూ, ఉదాహరణగా చెప్పిన పేర్లు రెండూ మనవే: చంద్రబాబు నాయుడు, జగన్‌మోహన్ రెడ్డి. దేశంలో ఇన్ని రాష్ట్రాలుండగా ఈ ఘనత మనకే దక్కింది. సంతోషించాలో సిగ్గుపడాలో మీరే తేల్చుకోండి.

కాగితం ఉన్నచోట సుఖంగా ఉన్నారా?

"ముదిరిన ప్రజాస్వామ్యాల్లో కాగితమే" అన్న మాట నిజమే. ఆ ముదిరిన దేశంలోనే మనం ఉంటున్నాం కాబట్టి ఇక్కడి ముచ్చట కూడా చూద్దాం. మా కింగ్ కౌంటీలో 2009 నుంచి ఓటు టపాలోనే. బ్యాలెట్ ఇంటికి వస్తుంది. పెన్నుతో గుండ్రాలు నింపి, కవరు మీద సంతకం చేసి, టపాలో వెయ్యచ్చు, ఊళ్ళో పెట్టిన బ్యాలెట్ పెట్టెలోనూ వెయ్యచ్చు. లెక్కించేది రెంటన్‌లో. అక్కడి పని ఎవరైనా వెళ్ళి చూడచ్చు, ఇంట్లో కూర్చుని కెమెరాల్లోనూ చూడచ్చు.

ఇంత శుభ్రమైన పద్ధతి ఊరికే రాలేదు. 2004 నవంబరులో అధ్యక్ష ఎన్నికతో పాటే వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరు ఎన్నిక జరిగింది. డెమోక్రాట్ క్రిస్టీన్ గ్రెగోయిర్, రిపబ్లికన్ డినో రాసి. దాదాపు 28 లక్షల ఓట్లు. మొదటి లెక్కలో రాసి 261 ఓట్లతో గెలిచారు. యంత్రంతో మళ్ళీ లెక్కిస్తే ఆధిక్యం 42కి పడిపోయింది. డెమోక్రాట్లు డబ్బు కట్టి చేత్తో లెక్కపెట్టించారు. ఈలోగా మా కింగ్ కౌంటీలోనే పొరపాటున పక్కన పడేసిన 700కి పైగా బ్యాలెట్లు బయటపడ్డాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు వాటినీ లెక్కలోకి తీసుకోవచ్చంది. చివరికి గ్రెగోయిర్ 129 ఓట్లతో గవర్నరయ్యారు!

మన దగ్గరైతే ఏం జరిగేదో ఊహించుకోండి. ఇక్కడా రాసి పక్షం ఊరుకోలేదు, కోర్టుకెళ్ళింది. వెనాచీలో విచారణ జరిగింది. చెల్లని ఓట్లు 1,678 పడ్డాయని జడ్జి తేల్చారు. కానీ అవి ఎవరికి పడ్డాయో చెప్పే ఆధారం కావాలి కదా? నాలుగు ఓట్లు రాసికి పడ్డట్టు మాత్రమే ఋజువైంది. వాటిని తీసేసరికి గ్రెగోయిర్ ఆధిక్యం 133కి పెరిగింది. 2005 జూన్ 6న ఆ తీర్పు వచ్చింది. రాసి అదే రోజు పైకోర్టుకి వెళ్ళనని ప్రకటించారు. ఆయన అనుమానం న్యాయమైనదే, ఆ అనుమానంతో చివరిదాకా పోరాడారు కూడా. పరీక్ష పూర్తయింది, ఆపేశారు. ఆ పోరాటం వల్ల ఈ కౌంటీలో లొసుగులన్నీ బయటికొచ్చాయి, తరువాత ఎన్నికల డైరెక్టరు పదవిని కూడా జనమే ఎన్నుకునేలా మార్చుకున్నారు.

అదే కాగితం, అదే రాష్ట్రం, 2020. గవర్నరు ఎన్నికలో లోరెన్ కల్ప్ ఐదు లక్షలకి పైగా ఓట్ల తేడాతో ఓడారు. ఓటమి ఒప్పుకోకుండా దావా వేసి, 2021 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఎన్నికలు సవ్యంగా జరిగాయని చెప్పిన రాష్ట్ర కార్యదర్శి కిమ్ వైమన్ కూడా ఆయన పార్టీ మనిషే, అదే బ్యాలెట్ మీద గెలిచినావిడే! దేశం సంగతి మీకు తెలిసిందే. జార్జియాలో అధ్యక్ష ఎన్నిక బ్యాలెట్లన్నీ, సుమారు 50 లక్షలు, చేత్తో లెక్కపెట్టి చూసినా ట్రంప్ గారు నమ్మలేదు. 2021 జనవరి 6న ఏం జరిగిందో ప్రపంచమంతా చూసింది. 2016లో ఆయన గెలిచి కూడా అనుమానించారు, కాకపోతే తనకి తక్కువ పడ్డ ఓట్ల మొత్తం గురించి మాత్రమే. 2024 నవంబరు 5 సాయంత్రం దాకా ఫిలడెల్ఫియాలో భారీ మోసం జరుగుతోందన్నారు. రాత్రికి గెలిచారు. మోసం ఏమైందో మరి, తెల్లారేసరికి మాయం.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. కాగితం ఉంటే అనుమానం తీర్చుకోదలచినవాడికి దారి దొరుకుతుంది. తీర్చుకోదలచుకోనివాడికి కాగితమైనా, యంత్రమైనా, ముంజేతి కంకణమైనా ఒకటే.

ఐదు బూత్‌ల లెక్క

మరి మన ఐదు బూత్‌ల తనిఖీ సరిపోతుందా? ఇది పార్టీలని కాదు, లెక్కని అడగాల్సిన ప్రశ్న. మనవాళ్ళకి లెక్కలంటే భయం లేదు కాబట్టి చేసి చూద్దాం.

ఒక నియోజకవర్గంలో 250 బూత్‌లు ఉన్నాయనుకోండి. వాటిలో 5 బూత్‌ల యంత్రాలు ఎవడో మార్చాడు. మనం లాటరీ తీసి ఐదు బూత్‌ల చీటీలు లెక్కపెట్టాం. మార్చినవాటిలో ఒక్కటైనా మన చేతికి చిక్కే అవకాశం పదిలో ఒకటే. అంటే పదింట తొమ్మిదిసార్లు దొంగ తప్పించుకుంటాడు. 50 బూత్‌లు మార్చి ఉంటే మూడింట రెండుసార్లు దొరుకుతాడు.

ఇప్పుడు రాష్ట్రం మొత్తం చూడండి. 175 నియోజకవర్గాల్లోనూ ఐదేసి బూత్‌లు మార్చారనుకుందాం. ఒక్కచోట కూడా దొరకకుండా తప్పించుకునే అవకాశం ఐదు కోట్లలో ఒకటి కన్నా తక్కువ. లాటరీ నిజాయితీగా తీస్తే చాలు, రాష్ట్రం మొత్తాన్ని దోచుకునేవాడు ఈ చిన్న వలలోనే పడతాడు.

అందుకే 151 అయినా, 164 అయినా, అంత పెద్ద గెలుపు యంత్రం మాయ అనడం లెక్కకి నిలవదు. 2024లో గాజువాక ఆధిక్యం 95 వేలు దాటింది. దాన్ని ఐదారు బూత్‌లు మార్చి తెచ్చుకోవడం కుదిరే పని కాదు. నిజంగా అనుమానించే హక్కు ఎవరికుందో చెప్పనా? 2019లో విజయవాడ సెంట్రల్‌లో తెలుగుదేశం అభ్యర్థి బొండా ఉమామహేశ్వరరావు గారు 25 ఓట్లతో ఓడారు. 2024లో మడకశిరలో ఫలితం తేలింది 351 ఓట్ల మీద. ఇలాంటి చోట ఐదు బూత్‌లు ఏ మూలకీ చాలవు. చిత్రం ఏమిటంటే మన నాయకులు అరిచేది మొత్తం రాష్ట్రం పోయినప్పుడు, లెక్క ప్రకారం అరవాల్సింది పాతిక ఓట్లతో పోయినచోట.

ఇక్కడ వాషింగ్టన్‌లో దీనికి ముందే గీత గీసి పెట్టుకున్నారు. రాష్ట్రస్థాయి పదవికి ఆధిక్యం 2,000 లోపు, అరశాతం కన్నా తక్కువ అయితే యంత్రంతో మళ్ళీ లెక్క. 1,000 లోపు, పావుశాతం కన్నా తక్కువ అయితే చేత్తో లెక్క. ఎవరూ అడగక్కర్లేదు, ఏడవక్కర్లేదు. 2024 ఆగస్టు ప్రైమరీలో ప్రభుత్వ భూముల కమిషనర్ పదవికి రెండో స్థానం ఎవరిదో 49 ఓట్ల మీద అలాగే తేలింది. మన దగ్గర అన్ని చీటీలూ లెక్కపెట్టమని అభ్యర్థి అడగచ్చు గానీ, ఒప్పుకోవడం మానడం రిటర్నింగ్ అధికారి ఇష్టం.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికని తోసిపుచ్చుతూనే ఒక కిటికీ తెరిచింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఏడు రోజుల్లో అడిగితే, నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల చిప్పులని ఇంజనీర్లు పరీక్షించాలి. ఖర్చు అడిగినవాడిది, మోసం తేలితే డబ్బు వాపసు. ఆ ఏడాది జూన్‌లో ఒక్కో సెట్టుకి 40,000 రూపాయలు, పైన జీఎస్టీ. దేశం మొత్తం మీద ఈ దారి పట్టిన ఓడిన అభ్యర్థులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళలో ఆంధ్ర వాళ్ళు ఉన్నారు, వాళ్ళని మెచ్చుకోవాలి. మైకు ముందు అరవడానికి ఖర్చు లేదు, పరీక్ష పెట్టించడానికి ఖర్చుంది. ఎవరి అనుమానం నిజమైనదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి గీటురాయి నాకు కనబడలేదు.

నష్టం ఎవరికి?

ఇదంతా నాయకుల వినోదమే కదా, మనకేం పోయిందంటారా? రెండు పోయాయి. యంత్రమే ఓడించిందని నమ్మిన పార్టీ తన తప్పు వెదుక్కోదు. జనం ఎందుకు కోపగించారో అడగదు. 2019లో తెలుగుదేశానికీ, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కీ జనం చెప్పింది చాలా ఉంది. వినాల్సిన చెవిలో ఈవీఎం అడ్డుపడితే ఎలా వినబడుతుంది? రెండోది ఇంకా పెద్దది. ఆ పార్టీకి ఓటు వేసిన లక్షలాది మంది మామూలు జనం, ఎండలో నిలబడి వేసిన ఓటు ఎటూ దొంగలపాలే అనుకుంటే, ఆ నమ్మకాన్ని తిరిగి తేవడం తరువాతి ఎన్నికలో గెలిచినంత తేలిక కాదు.

2024 డిసెంబరులో జమ్మూ కాశ్మీర్ ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా తన మిత్రపక్షమైన కాంగ్రెస్‌కి ఒక మాట చెప్పారు. గెలిచినప్పుడు ఫలితం తీసుకుని, ఓడినప్పుడు యంత్రాన్ని తిట్టడం కుదరదని. అలా సొంత కూటమికి చెప్పగలిగిన గొంతు మన రెండు రాష్ట్రాల్లో నాకింకా వినబడలేదు.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? మనలో చాలామందికి ఏదో ఒక పార్టీతో చుట్టరికం ఉంది. చందాలిస్తాం, సభలు పెడతాం, వచ్చిన నాయకుణ్ణి విమానాశ్రయం నుంచి ఇంటికి తెచ్చి పెసరట్టు పెడతాం. ఆ పెసరట్టు చనువుతో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అదీ ఆయన గెలిచి ఉన్నప్పుడు: "తక్కువ ఆధిక్యం వచ్చినచోట చీటీలన్నీ తప్పనిసరిగా లెక్కపెట్టేలా నియమం తెమ్మని మీ పార్టీ తరఫున ఎన్నికల సంఘానికి ఎప్పుడు రాస్తున్నారు?" చీటీల మీద గుర్తులతో పాటు బార్‌కోడ్ వేసి యంత్రంతో లెక్కించే వీలుందేమో చూడమని సుప్రీంకోర్టే 2024లో సూచించింది. కాబట్టి రోజులు పడుతుందన్న సాకు కూడా ఎక్కువకాలం నిలవదు.

ఓడినవాడు ఈ మాట అడిగితే ఏడుపంటారు. గెలిచినవాడు అడిగితే సంస్కరణ అవుతుంది. 2029 ఎన్నికలకి ఇంకా సమయం ఉంది. ఇప్పుడు గెలిచి ఉన్నవాళ్ళెవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి అమెరికా పర్యటనకి వచ్చినప్పుడు, ఫోటోలు తీసుకునే ముందు అడిగి చూడండి.